మా వదినను భూమి గట్టిగా లాగిన ఆరు ఆదివారాలు

మా వదిన నిలబడ్డ చోట భూమి మిగతా లోకంలో కంటే గట్టిగా లాగుతుంది. నవ్వకండి. ఇది నేను కూర్చుని పుట్టించిన మాట కాదు. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో, చదువుకున్న టీచరమ్మ స్వయంగా స్టాప్‌వాచ్ పట్టుకుని, ఆరు ఆదివారాలు పరీక్షించి తేల్చిన సంగతి. లోకమంతటా తొమ్మిది పాయింట్ ఎనిమిది ఉండే గురుత్వ త్వరణం మా వదిన బల్ల దగ్గరికి వచ్చేసరికి పది దాటేది. ఒక్కోసారి పది పాయింట్ రెండు. అంత లాగుడు తట్టుకుని ఆవిడ ఇన్నేళ్లుగా మా ఇంట్లో మామూలుగా నడుస్తోందంటే అది ఆవిడ గట్టితనం. ఇంకొకరైతే గడప దగ్గరే నేలకి అతుక్కుపోయి ఉండేవారు.

భౌతికశాస్త్రం గురించి మాట్లాడే అర్హత నాకు నిండుగా ఉంది. తొమ్మిదో తరగతిలో ఆ పుస్తకం మొదటి పాఠం పూర్తిగా చదివి, ఇక ఇందులో నాకు కొత్తగా నేర్పేదేమీ లేదని నిర్ధారించుకుని, బడి గోడ దూకి బయటికి వచ్చినవాణ్ని. ఏడడుగుల గోడ. పరుగు తీయకుండా, నిలబడ్డ చోటి నుంచే దూకాను. "నడుము దాకా కూడా ఉండదు ఆ గోడ" అంటుంది మా వదిన. ఆవిడకి ఎవరి గొప్పా గిట్టదు.

మా వదినకు నలభై మూడేళ్లు. మేముండే ఇంటి ముందుగదే ఆవిడ కుట్టు దుకాణం. రెండు మిషన్లు, తలుపంత వెడల్పు కత్తిరింపు బల్ల, మూలన ఇస్త్రీపెట్టె, కిటికీకి వేలాడే దారపు రీళ్లు. ఆసుపత్రివాళ్ల తెల్ల కోట్లు, ఫ్యాక్టరీ వాళ్ల యూనిఫారాలు కుడుతుంది. ఆ కంపెనీలు పంపే కాగితాల్లో కొలతలన్నీ సెంటీమీటర్లలోనే ఉంటాయి కాబట్టి ఆవిడకి అంగుళాలతో పనిలేదు. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉంటాయి. అందుకే మాటలు పొదుపు. ఏ సంగతైనా ఆవిడ రెండు ముక్కల్లో చెబుతుంది, మిగతా తొంభై ఎనిమిది నేను చేరుస్తాను. మా ఇంట్లో పని అలా పంచుకున్నాం.

రోజూ పొద్దున మూడు గంటలు మాత్రం దుకాణం మూసి కుట్టు శిక్షణ కేంద్రానికి వెళుతుంది. అప్పటికి అక్కడ ఏడేళ్లుగా సహాయకురాలు. పేరుకే సహాయం. పాఠం చెప్పాల్సిన పెద్ద మేడం కళ్లజోడు వెతుక్కునే లోపు మా వదిన చొక్కా కాలరు ఎలా తిప్పాలో ఇరవై మందికీ చూపించేసి ఉంటుంది. ఆ పెద్ద మేడం రెండేళ్లలో రిటైరవుతారని తేలింది. ఆ కుర్చీ మా వదినకే రావాలని పెద్ద మేడం కూడా అన్నారు. కేంద్రం అధికారి కూడా అన్నాడు, కానీ ఆయన మాటకు తోక ఉంది.

"నీకంటే బాగా నేర్పేవాళ్లు ఎవరున్నారమ్మా? కానీ స్కూల్ ఫైనల్ సర్టిఫికెట్ లేనిదే నా చేతిలో ఏమీ లేదు. అది తెచ్చావా, కుర్చీ నీది. తేలేదనుకో, బయటి నుంచి ఎవరినో పంపుతారు. అప్పుడు ఆ వచ్చినవాళ్లకి కాలరు తిప్పడం కూడా నువ్వే నేర్పాలి."

ఆ చివరి ముక్కే ఆవిడకి గుచ్చుకుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్నకు చూపు తగ్గితే ఆయన మిషను మీద కూర్చోవడానికి బడి మానేసిన మనిషి. పెద్దవాళ్ల కోసం ఉన్నత పాఠశాలలో ఆదివారం తరగతులు పెడుతున్నారని తెలిసి చేరిపోయింది. ఏడాదిన్నరలో భాషలు, లెక్కలు, సాంఘికం అన్నీ గట్టెక్కాయి. భౌతికశాస్త్రం రాత పరీక్ష కూడా గట్టెక్కింది. ఇక మిగిలింది ప్రాక్టికల్. అది పోతే మళ్లీ ఏడాది తర్వాతే. కుర్చీ ఏడాది ఆగదు.

రాత పరీక్షకి చదివేటప్పుడు ఇంట్లో మేం పడ్డ పాట్లు ఒక గ్రంథం. మిషను తొక్కుతూ పాఠాలు పైకి చదివేది. మా అన్న నీళ్ల ట్యాంకర్ నడిపి వచ్చి అన్నం తింటుంటే, "ఏమండీ, మీరు బ్రేకు వేస్తే ట్యాంకులో నీళ్లు ముందుకెందుకు పోతాయి?" అని అడిగేది. "వెనక వచ్చేవాడు హారన్ కొడతాడని భయపడి" అనేవాడు మా అన్న. ఘర్షణ లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకి పుస్తకంలో బండి ఆగదనీ మనిషి నడవలేడనీ అరపేజీ జవాబు ఉంది. మా వదిన ఒక్క వాక్యం రాసింది: "లోకంలో ఏ ముడీ నిలవదు." దానికి పూర్తి మార్కులు వచ్చాయి. ఇది మాత్రం నిజం. ఆ కాగితం నేను చూశాను.

ఇక ప్రాక్టికల్ కథ.

ప్రయోగశాల పాఠశాల వెనక వైపు పొడవాటి గది. ఎనిమిది బల్లలు, ఒక్కో బల్లకి ఒక ఇనప స్టాండు, అందరూ పెద్దవాళ్లే. మా వదినను స్కూటర్ మీద దింపి, వరండాలో కిటికీ పక్కన కూర్చునేవాణ్ని. లోపలికి రమ్మని టీచరమ్మ ఎన్నిసార్లు బతిమాలినా నేను ఒప్పుకోలేదు. ("బతిమాలలేదు. కిటికీకి అడ్డం లేవమంది" అని మా వదిన.) చేయాల్సింది లఘులోలకం. దారానికి చిన్న ఇనప గుండు కట్టి స్టాండుకి వేలాడదీయాలి. పైన ముడి నుంచి గుండు మధ్య దాకా పొడవు కొలవాలి. మెల్లగా ఊపి, ఇరవై ఊపులకి ఎంత సేపు పట్టిందో చూడాలి. ఆ రెండు అంకెలతో లెక్క కడితే భూమి ఎంత గట్టిగా లాగుతోందో వస్తుంది. అంత పెద్ద భూమిని మూరెడు దారంతో పట్టేస్తారన్నమాట. నాకు ముందే ఇది చెప్పి ఉంటే ఆ గోడ దూకేవాణ్ని కాదు.

మొదటి ఆదివారం మా వదిన బల్ల దగ్గర పది పాయింట్ ఒకటి వచ్చింది.

టీచరమ్మకు ఇరవై ఆరేళ్లుంటాయి, తనకంటే పెద్దవాళ్లందరినీ అక్కా, మావయ్యా అని పిలిచే మర్యాదస్తురాలు. "పర్లేదక్కా, ఊపులు లెక్కపెట్టడంలో తేడా వచ్చి ఉంటుంది" అంది. రెండో ఆదివారం తనే పక్కన నిలబడి లెక్కపెట్టింది. పది పాయింట్ రెండు. మూడో ఆదివారం స్టాప్‌వాచ్ మార్చింది. నాలుగో ఆదివారం దారం, గుండు, స్టాండు మూడూ మార్చింది. పది పాయింట్ ఒకటి. ఐదో ఆదివారం బల్లే మార్చింది. లాగుడు మా వదిన వెంటే కొత్త బల్లకి వెళ్లింది. ఆవిడ వదిలేసిన బల్ల దగ్గర టీచరమ్మ స్వయంగా చేస్తే తొమ్మిది పాయింట్ ఎనిమిది!

"అక్కా, టేపు ఎలా పడుతున్నావో చూపించు."

మా వదిన చూపించింది. టేపు పట్టడంలో ఆవిడకి తప్పు పట్టే మనిషి ఇంకా పుట్టలేదు. ముడి దగ్గర బొటనవేలు, గుండు మధ్య చూపుడువేలు, టేపు బిగుతూ కాదు, వదులూ కాదు. టీచరమ్మ కూడా చేతులెత్తేసింది. "కొలతలో తప్పు లేదు. సమయంలో తప్పు లేదు. నాకేం అర్థం కావడం లేదక్కా."

పక్క బల్ల ఆయన అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గార్డు. మెడలో విజిల్ తీయకుండానే తరగతికి వచ్చేవాడు, అందుకని అందరూ విజిల్ మామ అనేవాళ్లు. ఆయనకి ప్రతి వారం ఖచ్చితంగా తొమ్మిది పాయింట్ ఎనిమిదే వచ్చేది. ఒక్కోసారి గుండు ఊపకుండానే వచ్చేది.

"అమ్మాయ్, చేరాల్సిన చోటు ఎక్కడో తెలిసిపోయాక చుట్టూ తిరగడం దేనికి? ముందు జవాబు రాసుకో. అక్కణ్ణుంచి వెనక్కి నడిచిరా. పట్టిక దానంతట అదే నిండుతుంది."

"మీరు గేటు దగ్గర కూడా ఇలాగే రాస్తారా మామా? బండ్లు రాకముందే?" అంది మా వదిన.

"రోజూ వచ్చే బండ్లే కదమ్మా!"

తరగతంతా నవ్వింది. కానీ స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే నాకు విజిల్ మామ మాటే సరైనదనిపించింది.

"వదినా, ఆయన చెప్పినట్టు చేసెయ్. పరీక్షకి ముందు ఇంకో ఆదివారమే ఉంది. తొమ్మిది పాయింట్ ఎనిమిది అని పుస్తకంలో అచ్చేసి ఉంది. నువ్వు కొత్తగా కనిపెట్టి ఎవరిని ఉద్ధరించాలి?"

"కొలవకుండా అంకె రాస్తే ఏమవుతుందో మీ అన్న ఫుల్‌ప్యాంటుని అడుగు."

పెళ్లికి ముందు మా అన్న ఇంకో టైలరు దగ్గర కుట్టించుకున్న ప్యాంటు అది. ఆ టైలరు మనిషిని చూసి, కొలవకుండా, "నీ సైజు నాకు తెలుసులే" అన్నాడట. మా అన్న దాన్ని ఒక్కసారే తొడుక్కున్నాడు. కూర్చోలేక ఆ పూటంతా నిలబడే ఉన్నాడు. ఇంటికి చేరాక నేను మా అన్నను నిజంగానే అడిగాను.

"ఆ సంగతి ఇప్పుడెందుకురా?" అన్నాడు మా అన్న, అన్నం కలుపుతూ.

"వదిన పరీక్ష తప్పితే నీకు సమ్మతమేనా మరి?"

"తప్పదు. ఒక్క గుండీ తేడాగా ఉందని నలభై కోట్లు విప్పి మళ్లీ కుట్టింది మీ వదిన. ఆ తేడా ఏదో అదే బయటపడుతుంది చూడు." మా అన్న నోట ఒకేసారి ఇన్ని మాటలు రావడం అదే మొదలు.

ఆ వారంలో నేను మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, స్కూటర్ మెకానిక్ దగ్గర మా వదిన లాగుడు గురించి ప్రచారం చేసి పెట్టాను. దుకాణంలో కింద పడ్డ సూది ఇంకెవరి దగ్గరా పడనంత వేగంగా పడుతుందన్నాను. ఆవిడ కుట్టిన కోటు తొడుక్కుంటే డాక్టర్లకి కాళ్లు నేల మీద నిలుస్తాయన్నాను. కోట్ల ఆర్డర్లు పెరిగాయి కూడా. ఆరో ఆదివారం టీచరమ్మ బోర్డు మీద గ్రాఫు ఎలా గియ్యాలో చెప్పి, "పరీక్షలో ఇది కూడా అడుగుతారు" అని పంపేసింది. మా వదిన బల్ల దగ్గర లెక్క ఆ రోజూ పది పాయింట్ ఒకటే.

పరీక్ష గురువారం పొద్దున. నేను వరండాలో నా స్థానంలో ఉన్నాను. పరీక్షాధికారి వేరే స్కూలు నుంచి వచ్చాడు, గళ్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి. పద్ధతి ఏమిటంటే, ముందు ప్రయోగం చేసి పొడవులూ సమయాలూ పట్టికలో రాయాలి. ఆయన వచ్చి ఎర్ర సిరాతో సంతకం పెడతాడు. ఆ తర్వాత పట్టికలో అంకె మార్చడానికి వీల్లేదు. లెక్క, గ్రాఫు ఆ తర్వాత.

మా వదిన ఐదు పొడవులు తీసుకుంది. సంతకం అయింది. లెక్క కట్టింది. మొదటిది పది పాయింట్ రెండు ఐదు. దారం పొడుగయ్యేకొద్దీ కాస్త కాస్త తగ్గుతూ చివరిది పది పాయింట్ సున్నా రెండు. ఆవిడ ముఖం చూస్తే చాలు, నాకు అంకెలు తెలిసిపోయాయి. లోలకం ఆగినట్టు ఆగిపోయింది.

గళ్ల చొక్కా ఆయన అటుగా వెళుతూ తొంగి చూశాడు. "పది దాటిందేమ్మా?"

"దాటింది సార్."

"సర్లే, దగ్గరే ఉంది. గ్రాఫు కానివ్వు."

ఇప్పుడు గ్రాఫు. అందరూ అడ్డంగా ఉన్న గీత మీద పొడవుని నలభై దగ్గర మొదలుపెట్టారు, ఎందుకంటే అంతకంటే చిన్న దారం ఎవరూ కట్టలేదు. కాగితం కలిసొస్తుంది. మా వదినకి అలా చేయడం రాదు. గుడ్డ మీద ఏ ముక్క గీసినా మూల నుంచే గీస్తుంది. మూల లేని ముక్క దేనికీ అతకదంటుంది. అందుకని సున్నా దగ్గర మొదలుపెట్టింది. నిలువు గీత మీద సమయాల వర్గాలు వేసింది. ఐదు చుక్కలు పెట్టింది. ఐదూ ఒకే గీత మీద కూర్చున్నాయి, మనిషిని నిలబెట్టి కుట్టిన అంచులాగా. ఆ గీతని కిందికి, కిందికి పొడిగించింది.

గీత మూలకి రావాలి. దారమే లేకపోతే ఊపూ లేదు కదా. కానీ అది మూలకి రాలేదు. కాస్త పక్కన, అడ్డగీత మీద రెండు దగ్గర తగిలింది.

రెండు సెంటీమీటర్లు.

నోట్లో సూదులు లేకపోయినా మా వదిన పెదాలు సూదులు పట్టుకున్నట్టే బిగుసుకున్నాయి. టేపు తీసింది. స్టాండుకి ఇంకా వేలాడుతున్న చివరి దారాన్ని మళ్లీ కొలిచింది. ఎనభై తొమ్మిదిన్నర. పట్టికలో చూసింది. తొంభై ఒకటిన్నర. తర్వాత తన కుడిచేతి వైపు చూసుకుంది, ఆ చెయ్యి తనది కాదన్నట్టు.

కుట్టుపనిలో ఒంటి కొలత ఎంతుంటే అంత గుడ్డ కత్తిరించరు. అంచు మడిచి కుట్టడానికి కాస్త వదులుతారు. మా వదిన వదిలేది రెండు సెంటీమీటర్లు. ముప్పై ఏళ్లుగా ఆవిడ టేపు మీద చూసేది ఒక అంకె, కాగితం మీద రాసేది దానికి రెండు కలిపిన అంకె. కలుపుతున్నానని ఇప్పుడు ఆవిడకే తెలియదు. కన్ను సరిగ్గానే చూస్తుంది. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. టీచరమ్మ ఆరు వారాలూ టేపు పట్టడం చూసింది, ఊపులు చూసింది, గడియారం చూసింది. టేపు మీది అంకె కాగితం మీదికి వచ్చే దారిలో ఎవరూ కాపలా కాయలేదు.

మా వదిన లేచి నిలబడింది. "సార్, ఒక మాట."

"పట్టికలో మార్చకూడదమ్మా. సంతకం అయిపోయింది."

"మార్చను సార్. కింద రాస్తాను."

"ఏమని?"

"పొడవులన్నీ తప్పని."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. నేను కిటికీ ఊచకి చెవి ఆనించాను. "చూడమ్మా, పది పాయింట్ ఒకటి అంటే కొట్టేసేంత తప్పేం కాదు. పాస్ మార్కులు ఎలాగో పడతాయి. నువ్వే కొలతలన్నీ తప్పని రాసిచ్చావనుకో, పట్టిక మార్కులు నేను కోసెయ్యాల్సిందే. ఆలోచించుకో."

మాట్లాడకు వదినా, కూర్చో వదినా అని కిటికీలోంచి చేతులు ఊపాను. ఆవిడ నా వైపు చూసింది కూడా. కిటికీ మీద వాలిన కాకిని చూసినట్టు చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగింది.

"పట్టిక ఊరుకున్నా గ్రాఫు ఊరుకోదు కదా సార్. రెండు దగ్గర తగిలింది."

"ఆ రెండు ఎక్కడివి?"

"కుట్టుకి సార్."

ఆయనకి అర్థం కాలేదు. మా వదిన మూడు వాక్యాల్లో చెప్పింది. ఆవిడ జీవితంలో అది పెద్ద ఉపన్యాసం. ఆయన టేపు తీసుకుని తనే దారం కొలిచాడు. ఎనభై తొమ్మిదిన్నర. పట్టిక చూశాడు. గ్రాఫు చూశాడు.

"సరే. ఇప్పుడు ఈ గీత వాలు ఎంతో చూసి, దాంతో లెక్క కట్టు."

కట్టింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది.

"ఇది చెప్పు మరి" అన్నాడాయన, పరీక్షాధికారి గొంతుతో. "పొడవులన్నీ తప్పంటున్నావు. ఒక్కదాన్నీ దిద్దలేదు. అయినా గ్రాఫులోంచి సరైన జవాబు ఎలా వచ్చింది?"

ఇది పుస్తకంలో లేదు. ఉన్నా నేను చదివిన మొదటి పాఠంలో లేదు. మా వదిన ఐదు చుక్కల మీదా వరసగా వేలు పెట్టుకుంటూ వెళ్లింది.

"చిన్న సైజు కోటుకీ రెండే కలుపుతాం, పెద్ద సైజుకీ రెండే కలుపుతాం సార్. అన్నిటికీ ఒకేలా కలిపితే సైజుకీ సైజుకీ మధ్య తేడా మారదు. వాలు చూసేది ఆ తేడానే కదా."

గళ్ల చొక్కా ఆయన ఎర్ర పెన్ను తీసి కాగితం అడుగున ఏదో రాసుకున్నాడు. "వెళ్లిరా అమ్మా" అన్నాడు. మా వదిన దారం విప్పి, వేలికి చుట్టి, గుండుతో సహా డబ్బాలో సర్దిపెట్టి బయటికి వచ్చింది.

స్కూటర్ మీద ఇంటి దాకా నేను తిడుతూనే ఉన్నాను. ఆవిడ వెనక కూర్చుని, "ఎన్ని కోట్లకి కలిపానో కానీ ఒక్క డాక్టరూ బిగుతని అనలేదు" అని తనలో తనే నవ్వుకుంటోంది. ఫలితాలు రావడానికి పట్టిన మూడు వారాలూ రోజుకి నాలుగు సార్లు పాఠశాల నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లింది నేనే. ఆవిడ ఒక్కసారీ అడగలేదు. కాకపోతే ఆ మూడు వారాలూ తెల్ల కోట్లకి నల్ల దారం రెండు సార్లు ఎక్కించింది.

ఫలితాలు వచ్చాయి. పాసైంది. ఇప్పుడు శిక్షణ కేంద్రంలో పెద్ద మేడం కుర్చీ మా వదినది. మొదటి రోజు పాఠం కాలరు కాదట. టేపు మీద చూసిన అంకె ఒక గడిలో, కలిపింది ఇంకో గడిలో రాయమందట. ఇరవై మంది ఆడవాళ్లూ ఎందుకని అడిగితే, "పరీక్షల్లో పనికొస్తుంది" అందట.

మొన్న ఆసుపత్రి నుంచి కోట్లు తీసుకెళ్లడానికి వచ్చిన నర్సమ్మకి ఈ కథంతా చెప్పాను. కుట్టుకి సార్ అన్న మాట వినగానే పరీక్షాధికారి ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడనీ, మా వదినకి రెండు చేతులూ జోడించాడనీ, ముప్పైకి ముప్పై వేసి, చోటు చాలక పక్కన ఇంకో రెండు వేశాడనీ చెప్పాను. నర్సమ్మ కళ్లు పెద్దవి చేసి మా వదిన వైపు తిరిగింది. మా వదిన నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీది చిన్న దిండుకి గుచ్చింది.

"ఆయన కూర్చునే ఉన్నాడు. ముప్పైకి పంతొమ్మిది వచ్చాయి."